ఉండుక రహిత కుందేలు

రాష్ట్ర కుందేళ్ళ వికాస కేంద్రం సంచాలకులు డాక్టర్ పరాంకుశం గారికి ఒకనాడు సమీక్షా సమావేశం నడుస్తుండగా పొట్ట కుడివైపున పోటు మొదలైంది. సమీక్షా సమావేశాల్లో ఎవరికో ఒకరికి ఏదో ఒక పోటు రావడం అక్కడ మామూలే కనుక మొదట ఎవరూ పట్టించుకోలేదు. ఆయన కుర్చీలోంచి పక్కకు ఒరిగి, "తదుపరి అంశం" అంటూ కళ్ళు తేలేశాక మాత్రం జీపులో వేసుకుని కొండ దించారు. పట్నం ఆసుపత్రిలో ఆపరేషన్ చేసి ఉండుకం తీసేశారు. ఉండుకమంటే మరేమీ కాదు, మనమంతా అపెండిక్స్ అని పిలిచే పేగుముక్క. కోసిన డాక్టరు ఆయన్ని ఊరడించడానికి, దానివల్ల పెద్ద ఉపయోగం లేదు, పోయినా ఏమీ కాదు అన్నాడట. మంచం మీదున్న రోగికి చెప్పిన ఆ ఓదార్పు మాట కొండ మీద కుందేళ్ళకు చుట్టుకుంటుందని ఆ డాక్టరుకు తెలియదు.

పరాంకుశం గారు సెలవు ముగించుకుని వచ్చేసరికి బల్ల మీద పైనుంచి వచ్చిన ఉత్తర్వొకటి ఉంది. రాష్ట్రమంతటా నిరుపయోగ నిర్మూలనోద్యమం మొదలైంది. ప్రతి సంస్థా తన పరిధిలోని పనికిరాని విభాగాలను గుర్తించి, తొలగించి, తొలగించినట్టు ఫొటోలతో సహా నెలనెలా తెలియజేయాలి. తొలగించడానికి మా దగ్గరేమీ లేదని రాసిన సంస్థను ముందుగా తొలగిస్తారని కారిడార్లలో చెప్పుకుంటున్నారు. పరాంకుశం గారు ఆలోచించారు. మనుషులను తొలగిస్తే ఉద్యోగుల సంఘం ఊరుకోదు. విరిగిన కుర్చీలను తొలగిస్తే ఆడిట్ ఊరుకోదు. ఇక మిగిలినవి కుందేళ్ళు. వాటికి సంఘం లేదు, వాటి పొట్టలోకి ఆడిట్ వెళ్ళదు. ఆయన చెయ్యి పొట్ట మీద కుట్లను తడిమింది. వెంటనే చెంగల్రాయుణ్ణి పిలిపించారు.

చెంగల్రాయుడు ఆ కేంద్రంలో శరీర నిర్మాణ విభాగానికి అధిపతి. విభాగంలో ఉన్నది ఆయన ఒక్కడే. కుందేలు గుండె, కాలేయం, పేగులు సీసాల్లో పెట్టి, ద్రవం తగ్గినప్పుడల్లా పోసుకుంటూ యాభై దాటాడు. ఇన్నేళ్ళలో ఏ సంచాలకుడూ ఆయన్ని ఒక్క ప్రశ్న అడిగిన పాపాన పోలేదు. ఒకాయనైతే అతిథులకు ఆ గది చూపించి, ఇది మా ఊరగాయల గది అని నవ్వించాడు కూడా. అలాంటి మనిషిని ఇవాళ సంచాలకులు స్వయంగా పిలిచి, కుందేలుకు ఉండుకం ఉంటుందా అని అడిగేసరికి ఆయనకు కడుపు నిండిపోయింది. పరుగున వెళ్ళి సీసా తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"మనిషికి వేలెడు సార్. కుందేలుకు జానెడు" అన్నాడు, అది తానే పెంచినంత గర్వంగా.

ఆ ఒక్క మాటతో పని జరిగిపోయింది. తర్వాత ఆయన చెప్పినదంతా గాలికి పోయింది. అయినా చెప్పాడు. చిన్నపేగు వచ్చి పెద్దపేగులో కలిసేచోట కుందేలుకు ఒక పెద్ద సంచి ఉంటుందనీ, అది చుట్టలు చుట్టుకుని పొట్టలో చాలాభాగం ఆక్రమిస్తుందనీ, తిన్న గడ్డి పులిసేది అందులోనేననీ చెప్పాడు. ఆ సంచి కొసన ఉన్నదే ఈ గొట్టం. సంచి గోడ కాగితంలా పలచన, గొట్టం గోడ దళసరి. దళసరి ఎందుకంటే రోగంతో పోరాడే కణాలు గుంపులు గుంపులుగా అక్కడే కాపురం ఉంటాయి. పిల్ల పుట్టిన కొద్ది వారాల్లో దాని పేగుల్లో సూక్ష్మజీవులు చేరతాయి. ఈ కణాలు వాటితో తలపడుతూ రకరకాల ప్రతిరక్షకాలు తయారుచేయడం నేర్చుకుంటాయి. రేపు ఏ రోగమొచ్చినా ఎదుర్కొనే విద్య అక్కడ పట్టుబడుతుంది. "అదొక బడి లాంటిది సార్" అని ముగించాడు.

పరాంకుశం గారు కళ్ళద్దాలు సవరించుకున్నారు. "బడి అంటున్నారు. ఉత్తీర్ణతా శాతం ఎంత?"

చెంగల్రాయుడు బిత్తరపోయి, అలా లెక్కగట్టిన వాళ్ళెవరూ లేరన్నాడు.

"ఫలితాలు ప్రకటించని బడి మూసివేతకు అర్హమైనది. తత్సంబంధిత చర్యలు సత్వరమే చేపట్టవలసి ఉంది" అన్నారు సంచాలకులు. తన పొట్టలో వేలెడు నిరుపయోగాన్ని ఇంత కాలం భరించినందుకే తాను బాధపడుతుంటే, ప్రభుత్వ కుందేలు జానెడు నిరుపయోగాన్ని మోసుకు తిరుగుతోందని, దానికి మేత మాత్రం ఖజానా నుంచి పోతోందని ఆయన నిజంగానే కలత చెందారు.

పథకానికి ఉండుక రహిత కుందేలు అని పేరు పెట్టారు. శాస్త్రీయంగా ఉండాలి కాబట్టి శరీర నిర్మాణ విభాగం నుంచి ధ్రువీకరణ కావాలన్నారు. ఉండుకం పనికిరాదని రాయడానికి చెంగల్రాయుడు ఒప్పుకోలేదు. సంచాలకులు కోప్పడలేదు. ఉండుకం తీసేస్తే కుందేలు అక్కడికక్కడే చనిపోతుందా అని మాత్రం అడిగారు. చావదన్నాడు చెంగల్రాయుడు. అయితే ఆ నిజాన్నే రాయమన్నారు. ఆ రాత రాస్తే సీసాల కోసం అద్దాల బీరువాలు మంజూరవుతాయని కూడా చల్లగా చెప్పారు. చెంగల్రాయుడు ఎన్నో ఏళ్ళుగా అడుగుతున్న బీరువాలవి. నిజమే కదా రాస్తున్నది అని తనకు తాను సర్దిచెప్పుకుని, "ఉండుకం తొలగించినంత మాత్రాన కుందేలు తక్షణం మరణించదు" అని రాసి సంతకం పెట్టాడు. అది టైపై వచ్చేసరికి పైన శీర్షిక చేరింది: ఉండుకం అనవసరమని శరీర నిర్మాణ విభాగం నిర్ధారణ.

కోయవలసిన పని డాక్టర్ రెహానాకు పడింది. కేంద్రానికి కొత్తగా వచ్చిన శస్త్రచికిత్స నిపుణురాలు, చెయ్యి వణకని మనిషి. బొటనవేలంత కుందేలు పిల్లలు, ఇంకా కళ్ళు తెరవనివి, బల్ల మీద వరుసగా ఉంటే ఆమె చెంగల్రాయుడి గదికి వచ్చింది. "మీరు సంతకం పెట్టారటగా సార్" అంది. కోపంగా కాదు, తెలుసుకుందామన్నట్టుగా. ఆయన కొత్త బీరువా అద్దాన్ని గుడ్డతో తుడుస్తూ, తాను రాసింది ఒకటే వాక్యమనీ అందులో అబద్ధం లేదనీ చెప్పాడు. ఆమె, నేను కోసేది కూడా ఒకటే ముక్క సార్ అని వెళ్ళిపోయింది.

రెహానా చేయి తిరిగిన మనిషి కావడం వల్ల పిల్లలు చాలావరకు బతికాయి. చూడడానికి ముచ్చటగా పెరిగాయి కూడా. వలతెరల వెనుక, కడిగిన బోనుల్లో, వాటికి ఏ రోగమూ రాలేదు. రోగం రానిచోట రోగనిరోధక శక్తి లేని లోటు ఎవరికి తెలుస్తుంది? విజయోత్సవం జరిగింది. మంత్రిగారు వచ్చి గులాబి రంగు రిబ్బను కట్టిన కుందేలును ఎత్తుకుని ఫొటో దిగారు. చెంగల్రాయుడి అద్దాల బీరువాల్లో కోసిన ఉండుకాలను పేర్చి, తొలగించిన వ్యర్థం అని అట్ట తగిలించారు. ఎన్నాళ్ళకో వచ్చిన బీరువాల్లో తన గుండెలూ కాలేయాలూ పెట్టుకునే యోగం ఆయనకు పట్టలేదు. అవి మళ్ళీ చెక్క అరల మీదకే పోయాయి.

మంత్రిగారు మెచ్చుకుంటూ, తర్వాత ఏం తీస్తున్నారని అడిగారు. అదే ప్రమాదమైపోయింది. అడిగాక ఏదో ఒకటి తీయకపోతే మర్యాద కాదు.

పరాంకుశం గారు గోడ మీది పేగుల పటం ముందు నిలబడి వేలితో వెతికారు. చిన్నపేగు పెద్దపేగులో కలిసేచోట గుండ్రని ఉబ్బొకటి కనిపించింది. ఇదేమిటన్నారు. అదీ ఉండుకం లాంటిదే, అదే కణాలు, అదే పని, ఒకటి పోతే రెండోది కొంతైనా ఆదుకుంటుందని చెంగల్రాయుడు చెప్పాడు. ఆ గుండ్రటి సంచిని కాపాడదామనే చెప్పాడు పాపం. "అంటే ఒకే పనికి రెండు కార్యాలయాలు" అన్నారు పరాంకుశం గారు. రెండో దశలో గుండ్రటి సంచి పోయింది. పేగు గోడలో అక్కడక్కడ ఉండే అలాంటి మచ్చల్లాంటి గుంపులను శాఖా కార్యాలయాలన్నారు. మూడో దశలో అవీ పోయాయి. రెహానా ఇంకా రాజీనామా ఎందుకు చేయలేదని చెంగల్రాయుడు ఒకసారి అనుకున్నాడు. తాను ఎందుకు చేయలేదో గుర్తొచ్చి ఆ ఆలోచన అక్కడితో ఆపేశాడు.

తీయడం ఒకసారి మొదలయ్యాక పొట్టల దగ్గర ఆగలేదు. కేంద్రం గేటు దగ్గర ఫినాయిలులో తడిపిన గోనెపట్టా ఉండేది, లోపలికొచ్చేవాళ్ళు దాని మీద కాళ్ళు తుడుచుకుని రావాలి. ఇన్నేళ్ళలో దానివల్ల ఏం జరిగిందని అడిగారు. ఏమీ జరగలేదని గేటు కాపలాదారు నిజం చెప్పాడు. పట్టా తీసేశారు. కొత్తగా తెచ్చిన కుందేళ్ళను కొన్నాళ్ళు విడిగా ఉంచే షెడ్డు సంవత్సరంలో సగం రోజులు ఖాళీగా ఉంటోందని తేలింది. దాన్ని విజయాల ప్రదర్శనశాలగా మార్చారు. ఏమీ జరగకుండా చూడడమే పనిగా ఉన్న ప్రతిదీ, ఏమీ జరగడం లేదన్న నేరం మీద పోయింది.

ఇదంతా పద్ధతి ప్రకారం వ్యతిరేకిద్దామని చెంగల్రాయుడు వార్షిక నివేదిక చివర తన అభ్యంతరాలన్నీ అపెండిక్స్‌గా చేర్చాడు. నివేదికలు కూడా ఉద్యమం పరిధిలోకి వస్తాయని అప్పటికే ఆదేశాలున్నాయి. అచ్చుకు పోయేముందు అన్ని నివేదికల అపెండిక్సులూ కోసేశారు.

టీకాల సంగతి అంతకన్నా బాగుంటుంది. ముక్కులు కారి ఊపిరితిత్తులు పాడయ్యే రోగమొకటి కుందేళ్ళకు వస్తుంది. దానికి కేంద్రంలో టీకా వేస్తారు. ఉండుక రహిత కుందేళ్ళకు వేసి, కొన్ని వారాల తర్వాత నెత్తురు తీసి చూస్తే ప్రతిరక్షకాలు నామమాత్రంగా ఉన్నాయి. కేంద్రంలోనే ఒక మూల మిగిలిన పాత కుందేళ్ళకు అదే టీకా వేస్తే నెత్తురులో పుష్కలంగా ఉన్నాయి. చెంగల్రాయుడు రెండు ఫలితాలూ పట్టుకుని ఆశగా సంచాలకుల గదిలోకి వెళ్ళాడు. ఇక కళ్ళు తెరుచుకుంటాయనుకున్నాడు. పరాంకుశం గారు రెండుసార్లు చదివి లేచి కరచాలనం చేశారు.

"మన ఆధునిక కుందేలు మీద టీకా పనిచేయడం లేదని మీరే రుజువు చేశారు. అంటే టీకా నిరుపయోగం. ఈ నెల తొలగింపు దేనిమీద చూపించాలా అని మథనపడుతున్నాను. సమయానికి వచ్చారు."

టీకాల విభాగం మూతపడింది. దాని ఫ్రిజ్ అతిథిగృహానికి చేరింది. మూలన మిగిలిన పాత కుందేళ్ళను కాలం చెల్లిన సరుకని హోటళ్ళకు అమ్మేశారు.

కొండ కింద గొల్లపెంట అనే ఊళ్ళో మునిలక్ష్మి అనే ఆమె కుందేళ్ళు పెంచుతుంది. మగడు పోయాక రేకుల షెడ్డు వేసుకుని, పది మంది ఆడవాళ్ళను కూడగట్టి, చుట్టుపక్కల హోటళ్ళకు మాంసం అమ్ముతూ నిలదొక్కుకున్న మనిషి. నోరు పెద్దది, చెయ్యి అంతకన్నా పెద్దది. పథకం కుందేళ్ళను ముందుగా ఆమె సంఘానికే ఇచ్చారు. పంపిణీ సభలో ఆమె లేచి, లోపల ఏం తీసినారని అడిగింది. పనికిరానివన్నీ తీసేశామని చెప్పారు. అయితే మామూలు కుందేలు కంటే దీనికి రేటు ఎక్కువెందుకని అడిగింది. తీసినందుకు ఖర్చయిందన్నారు.

"తక్కువ ఉండేదానికి ఎక్కువ రేటంట" అని పక్కనున్న ఆడవాళ్ళ వైపు తిరిగి అంది. అందరూ నవ్వారు. కానీ పథకం కుందేళ్ళు తీసుకోకపోతే షెడ్డుకు సాయం ఆగిపోతుందని చెప్పేసరికి తీసుకున్నారు. చెంగల్రాయుడు వేదిక పక్కనే ఉన్నాడు. ఆమె ఆయన్ని చూసి, "ఏం సార్, మీరు చెప్పండి, బాగుంటాయా ఇవి?" అంది. ఆయన తల ఊపాడు. నిలువుగా ఊపాడో అడ్డంగా ఊపాడో ఆయనకే తెలియని ఊపు. ఆమె దాన్ని అవుననే అనుకుంది.

చలికాలం రాగానే రోగం వచ్చింది. ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పడం కష్టం, రోగాలు ఎప్పుడూ ఎక్కడో ఒకచోట ఉండనే ఉంటాయి. గొల్లపెంటలో మొదట ముక్కులు కారాయి, తర్వాత మేత మానేశాయి, తర్వాత పొద్దున లేచి చూస్తే బోనుల్లో బిగుసుకుపోయి ఉన్నాయి. మునిలక్ష్మి కబురు పంపితే కేంద్రం నుంచి ఎవరూ కదలలేదు. రోగ పరిశీలన విభాగం పోయిన నెలలోనే తీసేశారు. చెంగల్రాయుడు సెలవు పెట్టి, తన పెట్టె పట్టుకుని బస్సులో వెళ్ళాడు.

షెడ్డు వెనుక గుంట తవ్వుతున్నారు. ఒక ఆమె చచ్చిన కుందేళ్ళను గంపలో తెచ్చి పక్కన పోస్తోంది. మునిలక్ష్మి పార ఆపలేదు. ఆయన ఒక కుందేలును తీసుకుని రాతి మీద పెట్టి కోశాడు. ఊపిరితిత్తుల నిండా చీము. తర్వాత పేగులు పరిచాడు. చుట్టల సంచి కొసన జానెడు గొట్టం ఉండాల్సిన చోట రెహానా వేసిన కుట్టు, ఎంతో చక్కని కుట్టు, కనిపించింది. ఆయన ఇన్నేళ్ళుగా సీసాలో చూసిన దాని ఖాళీని మొదటిసారి చూశాడు.

షెడ్డుకు అవతలివైపు వెదురు తడిక కట్టి ఇంకొన్ని కుందేళ్ళున్నాయి. మునిలక్ష్మి సొంతవి, పాత రకం. వాటికీ ముక్కులు కారాయి, రెండు మూడు పోయాయి. మిగిలినవి మాత్రం తుమ్ముకుంటూనే గడ్డి నములుతున్నాయి. ఒకే గాలి, ఒకే నీళ్ళు, ఒకే మేత.

మునిలక్ష్మి పార గుచ్చి వచ్చి ఆయన పక్కన కూర్చుంది. "బాగుంటాయని తలూపినారు కదా సార్ ఆ పొద్దు" అంది.

ఏదో చెప్పబోయాడు. తాను రాసింది ఒకటే వాక్యమనీ అది అబద్ధం కాదనీ చెప్పే అలవాటు నాలుక చివరిదాకా వచ్చింది. ఎదురుగా గుంట ఉంది. "ఊపకుండా ఉండాల్సింది తల్లీ" అన్నాడు. ఆమె లేచి లోపలికి వెళ్ళింది. కడుక్కోవడానికి నీళ్ళు తెచ్చి ఇచ్చింది. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది ఆయనకు.

తర్వాత కేంద్రంలోనూ బోనులు ఖాళీ అయ్యాయి. వార్త పత్రికలకెక్కింది. పైనుంచి విచారణ సంఘాన్ని వేశారు. పదవీ విరమణ పొందిన ఉన్నతాధికారి ఒకరు దానికి అధ్యక్షులు. కుందేళ్ళ గురించి ఆయనకేమీ తెలియకపోవడం వల్ల నిష్పాక్షికంగా ఉండగలరని ఎంచుకున్నారట. సంఘం ముందు చాలా వాదనలు పెట్టారు. వాటన్నిటిలో అధ్యక్షులకు బాగా నచ్చినది పరాంకుశం గారు చెప్పినది. ఉండుకం లేని కుందేళ్ళు చనిపోయాయి, ఉండుకం ఉన్నవి బతికాయి. అంటే ఉండుకమున్న కుందేళ్ళు రోగాన్ని భరిస్తూ, దాచుకుంటూ, ప్రభుత్వ కుందేళ్ళకు అంటించాయి. మునిలక్ష్మి అనే లబ్ధిదారు పథకం కుందేళ్ళ పక్కనే అనధికార ఉండుకం కలిగిన కుందేళ్ళను రహస్యంగా పోషించింది. నష్టమంతా ఆమె దగ్గర రాబట్టాలి, షెడ్డు స్వాధీనం చేసుకోవాలి.

నోటీసు అందుకుని మునిలక్ష్మి విచారణకు వచ్చింది. ఉతికిన చీర కట్టుకుని, చేతులు కట్టుకుని నిలబడింది. అధ్యక్షులు గంభీరంగా, మీ కుందేళ్ళకు ఉండుకం ఉన్న సంగతి ముందే తెలుసా అని అడిగారు.

"నాకు తెలవదు సార్. నేను వాటి కడుపుల్లో చూడలేదు. చూసినోళ్ళు మీరే" అంది.

సమాధానం ధిక్కార పూర్వకంగా ఉందని రాసుకున్నారు. చివరగా, లాంఛనంగా, శరీర నిర్మాణ విభాగాధిపతిని తన ధ్రువీకరణను ధ్రువీకరించమన్నారు. అవునంటే చాలు, భోజనాలకు లేవవచ్చు. చెంగల్రాయుడు లేచి నిలబడ్డాడు. తడబడుతూ మొదలుపెట్టి, ఉండుకమంటే ఏమిటో, దాని గోడ ఎందుకు దళసరో, తీసేస్తే టీకా ఎందుకు పట్టదో, ఆ రోజు సీసాతో చెప్పినదంతా మళ్ళీ చెప్పాడు. ఈసారి వింటున్నారా లేదా అని చూసుకోలేదు.

"నేను రాసిన మాట నిజమే సార్. కానీ మోసం చేయడానికి నిజాన్ని రాశాను, బీరువాల కోసం రాశాను. ఈ అమ్మ తప్పు ఏమీ లేదు. కుందేళ్ళను చంపింది మేమే. అందులో ముందుండేది నా సంతకం."

అంతలో రెహానా లేచి, తర్వాత ఉండేది నా కత్తి అని తన వాంగ్మూలం కూడా రాసుకోమంది. ఇద్దరు ప్రభుత్వ నిపుణులు స్వయంగా నేరం ఒప్పుకుంటే మూడో మనిషి మీద నోటీసు నిలబడదని న్యాయ సలహాదారు అధ్యక్షుల చెవిలో చెప్పాడు. మునిలక్ష్మి బయటపడింది. పరాంకుశం గారి మీద చర్య ఏమీ లేదు, ఎందుకంటే ఆయన నిపుణుల సలహా మీద నడుచుకున్నారు. రెహానాకు మందలింపు వచ్చింది. కేంద్రంలో ఆమె ఒక్కతే కత్తి పట్టేది కాబట్టి అంతకు మించి చేయలేకపోయారు. చెంగల్రాయుణ్ణి చేపల విభాగానికి బదిలీ చేశారు. చేపకు ఉండుకం ఉండదు కనుక అక్కడ ఆయన వల్ల సంస్థకు ప్రమాదం లేదని ఉత్తర్వులోనే రాశారు.

చేపల చెరువు గట్టు మీద ఆయన కాస్త నిద్రపోగలిగాడు. ఆ మాట ఇంట్లో భార్యతో చెప్పాడు కూడా, ఈ మధ్య బాగా నిద్ర పడుతోందని. మునిలక్ష్మి షెడ్డులో పాత కుందేళ్ళు పిల్లలు పెట్టాయి.

ఒక్క కుందేలు కూడా లేని కుందేళ్ళ కేంద్రం కొన్నాళ్ళు చాలా సాఫీగా నడిచింది. మేత ఖర్చు లేదు, మరణాలు లేవు, ఫిర్యాదులు లేవు. ఆ ఏడాది నిరుపయోగ నిర్మూలనలో రాష్ట్రంలోకెల్లా ప్రథమ బహుమతి దానికే వచ్చింది. ఇంతలో పైన గాలి మారింది. నిర్మూలనోద్యమం పోయి, సహజ సంపూర్ణ జీవనోద్యమం వచ్చింది. పరాంకుశం గారు కొత్త ఉత్తర్వు చదివి ఆ సాయంత్రమే ప్రకటన చేశారు. రాష్ట్రంలో మొట్టమొదటిసారిగా, సహజసిద్ధమైన ఉండుకం కలిగిన సంపూర్ణ కుందేలును కేంద్రం ప్రవేశపెట్టబోతోంది.

అలాంటి కుందేళ్ళు ఆ చుట్టుపక్కల గొల్లపెంటలో తప్ప లేవు. జీపు మునిలక్ష్మి ఇంటికి వెళ్ళింది. షెడ్డు స్వాధీనం చేసుకుంటామన్నవాళ్ళే చాప మీద కూర్చుని మజ్జిగ తాగి, మంచి ధర ఇస్తామన్నారు. ఆమె ఆలోచించి, ఇస్తానంది. సంఘంలోని ఆడవాళ్ళ షెడ్లన్నీ అప్పటికి ఖాళీగా ఉన్నాయి, వాళ్ళను లేపి నిలబెట్టాలంటే ఏదో ఒక దారి కావాలి.

ప్రారంభోత్సవం రోజున రెండు గంపల్లో కుందేళ్ళను పెట్టుకుని ఆమె కొండెక్కింది. ఉండుకాన్ని గుర్తుపట్టగల అధికారి ఆయనొక్కడే కాబట్టి చెంగల్రాయుణ్ణి చేపల విభాగం నుంచి పిలిపించారు. పందిరి, పూలు, మైకు, మంత్రిగారికి ఎత్తు కుర్చీ. వేదిక మీద రంగుకాగితాలు చుట్టిన పెద్ద బోను, మీద తెర. పందిరి వెనుక గదిలో ఆపరేషన్ బల్ల. రెహానా దాని పక్కన నిలబడి ఉంది, చేతికి తొడుగులు లేవు.

బల్ల ఎందుకని చెంగల్రాయుడు అడిగాడు.

పరాంకుశం గారు నిబంధన వివరించారు. కొనుగోలు చేసే ప్రతి కుందేలుకూ ఉండుకం ఉన్నట్టు ప్రత్యక్షంగా చూసి ధ్రువీకరించాలి. ఉండుకం లేని కుందేలును ఉన్నదిగా అంటగట్టే అక్రమార్కులు ఉండవచ్చు. "పొట్ట తెరిచి, పరిశీలించి, కొలిచి, ఫొటో తీసి, తిరిగి కుట్టాలి. కుట్టే క్రమంలో అంతరాయం కలిగిస్తే తాత్కాలికంగా బయటకు తీసి ఉంచవచ్చని మార్గదర్శకాల్లో వెసులుబాటు ఉంది. మీరు సంతకం చేస్తే చాలు" అని కలం అందించి, మంత్రిగారి కారు వచ్చిందని వినబడి అటు పరుగెత్తారు.

గదిలో గంపలు దించుకున్న మునిలక్ష్మితో కలిపి ముగ్గురే మిగిలారు. గంపల్లో కుందేళ్ళు చెవులు రిక్కించుకుని ఉన్నాయి. రెహానా వెనక తలుపు గడియ తీసి, పని ఉన్నట్టు కిటికీ వైపు తిరిగింది. చెంగల్రాయుడు కలాన్ని బల్ల మీద పెట్టి ఒక గంప ఎత్తుకున్నాడు. మునిలక్ష్మి ఆయన మొహం చూసింది, రెండోది నెత్తికెత్తుకుంది.

వెనక మెట్ల దారిన కొండ దిగడం మొదలుపెట్టారు. ఆయనకు అలవాటు లేని బరువు, ఆయాసం వస్తోంది. లోపల కుందేళ్ళు కదిలినప్పుడల్లా గంప ఒకవైపు ఒరుగుతోంది. పైన మైకులో పరాంకుశం గారి గొంతు సంపూర్ణత్వం గురించి, రాష్ట్ర భవిష్యత్తు గురించి మాట్లాడుతోంది. తర్వాత, ఇప్పుడు మంత్రివర్యులు తెర తొలగిస్తారని వినబడింది. ఆ వెంటనే చప్పట్లు మిన్నంటాయి.

మునిలక్ష్మి ఆగి వెనక్కి తిరిగింది. "దేన్ని చూసి కొడతా ఉండారు సార్? కుందేళ్ళు మన దగ్గర ఉండాయి కదా."

చెంగల్రాయుడు గంపను ఇంకో భుజానికి మార్చుకున్నాడు.

"ఆగొద్దమ్మా, నడువు. చప్పట్లు అయిపోయేలోగా బస్సెక్కేద్దాం" అన్నాడు.